ఓడ దిగే పశువు: ద్వీపాల ఆరోగ్య నిబంధనలపై తెగని వాదం

ఒక దీవిలోకి ఆవునో గొర్రెనో దింపాలంటే ఏమేం అడగాలి? అడిగినవన్నీ చూపించినవాడిని ఇంకా ఆపవచ్చా? పశువైద్యులు, రైతులు, వర్తకులు, చివరికి న్యాయస్థానాలు కూడా నూట యాభై ఏళ్లకు పైగా ఈ రెండు ప్రశ్నలతో కుస్తీ పడుతున్నాయి. 2022లో ఇండొనేషియాలోకి గాలికుంటు వ్యాధి తిరిగి వచ్చింది. 2023లో నీలినాలుక వ్యాధి కొత్త రకం నెదర్లాండ్స్‌లో బయటపడి, ఆ ఏడాది దాటకముందే ఇంగ్లండ్‌కూ చేరింది. దాంతో పాత వాదన మళ్లీ వేడెక్కింది. తలుపులు మూయాలనేవారూ, తెరవాలనేవారూ సాక్ష్యంగా చూపేది ఇవే సంఘటనల్ని కావడంతో చిక్కు ఇంకా బిగుసుకుంది.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ వాదనంతా ఓడ దిగే పశువు చుట్టూనే తిరుగుతోంది. గత యాభై ఏళ్లలో దీవులను గట్టిగా దెబ్బతీసిన వ్యాధుల్లో చాలావాటికి ఆ పశువుతో సంబంధమే లేదు. అయినా నిబంధనల బరువంతా దాని వీపుమీదే ఎందుకు పడిందో తెలియాలంటే ఈ నిబంధనలు ఎలా పుట్టాయో చూడాలి.

పత్రం వెనక ఉన్న రోగం

1865 వేసవిలో బాల్టిక్ తీరంలోని రెవెల్ రేవు (నేటి టాలిన్) నుంచి ఇంగ్లండ్‌లోని హల్ రేవుకు పశువుల ఓడ ఒకటి వచ్చింది. కొద్ది వారాల్లో లండన్ పాడి కొట్టాల్లో రిండర్‌పెస్ట్ మొదలైంది. నోట్లో పుండ్లు, విరేచనాలు, వారం పది రోజుల్లో చావు. ఐరోపా పశుసంపదను శతాబ్దాలుగా తుడిచిపెట్టిన రోగమే అది. విదేశీ పశువుల ఓడలు ప్రమాదమని జాన్ గామ్‌జీ అనే పశువైద్యుడు అంతకుముందే హెచ్చరించాడు, కానీ చౌక మాంసం కోరే పట్టణాలు వినిపించుకోలేదు. లక్షల పశువులు పోయాక 1866లో చట్టం వచ్చింది. రోగం వచ్చిన మందను చంపడం, కదలికలు ఆపడం అప్పటినుంచి బ్రిటిష్ విధానానికి మూలసూత్రాలయ్యాయి. ఆ తర్వాత లండన్ దగ్గర డెట్‌ఫర్డ్‌లో విదేశీ పశువులకు ప్రత్యేక సంత కట్టారు. అక్కడ దిగిన పశువు ప్రాణంతో బయటికి వెళ్లకూడదు. 1896 నాటికి బయటి పశువులన్నిటికీ రేవులోనే వధ తప్పనిసరి అయింది.

ఇక్కడే మొదటి తగవు. కెనడా పశువులకు ఊపిరితిత్తుల అంటువ్యాధి ఉందన్న అనుమానంతో 1892లో బ్రిటన్ వాటినీ ఈ నిబంధన కిందికి తెచ్చింది. మా దేశంలో ఆ రోగం లేదని కెనడా మొత్తుకుంది. స్కాట్లండ్‌లో పశువులను కొని మేపి అమ్మే రైతులు కెనడా వైపు నిలిచారు, దూడలను పెంచే ఐర్లండ్ రైతులు నిషేధం వైపు నిలిచారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1922లో గానీ ఆ ముడి వీడలేదు. రోగం పేరుతో వర్తకాన్ని కాపాడుకుంటున్నారన్న ఆరోపణ ఈ రంగానికి కొత్త కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండో మలుపులో మన దేశపు పశువులున్నాయి. 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు బయల్దేరిన మూపురపు పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగాయి. అవి అక్కడి పశువులకు రిండర్‌పెస్ట్ అంటించాయి. అది చూసి భయపడిన దేశాలు 1921లో పారిస్‌లో సమావేశమయ్యాయి. 1924 జనవరి 25న 28 దేశాలు కలిసి ఒక అంతర్జాతీయ పశువ్యాధుల కార్యాలయాన్ని పెట్టుకున్నాయి. నేటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అదే. ఏ దేశంలో ఏ రోగముందో అందరికీ తెలియజేయడం, పశువు వెంట వెళ్లే ఆరోగ్య ధ్రువీకరణ పత్రానికి ఒక ఒప్పుదల తేవడం దాని తొలి పనులు. ఈ రోజు ఏ రేవులో ఏ అధికారి అడిగే పత్రమైనా దూరపు చుట్టరికంగా ఆ ఆంట్వెర్ప్ ఓడకు చెందిందే.

ఆ పాఠం నేర్చుకున్న బ్రెజిల్ 1960ల మొదట్లో ఒంగోలు పశువులను తీసుకెళ్లినప్పుడు నేరుగా ప్రధాన భూభాగంలో దింపలేదు. అట్లాంటిక్‌లోని ఫెర్నాండో ద నొరోన్యా దీవిలో నెలల తరబడి ఉంచి, పరీక్షించాకే లోపలికి రానిచ్చింది. ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరునే మోసిన ప్రసిద్ధ ఆబోతు కూడా అలా వెళ్లినదే. నేటి బ్రెజిల్ నెలోర్ మందల్లో ఆ కొద్దిపాటి పశువుల రక్తం విస్తారంగా ఉంది. ఇక్కడ దీవిని కాపాడలేదు, దీవినే వడపోతగా వాడుకున్నారు. దీవి ఎవరిది, ఎవరి కోసం అన్న ప్రశ్న అక్కడా ఉంది, కానీ నొరోన్యా వాసులను ఎవరూ అడిగినట్టు లేదు.

ఐస్‌లాండ్: అన్నీ సరిగా చేశాక

ఈ వాదంలో ఏ పక్షమైనా చివరికి ఐస్‌లాండ్ దగ్గరికే వస్తుంది. 1933లో ఆ దేశం జర్మనీలోని హాలె నుంచి 20 కరాకుల్ గొర్రెలను తెప్పించింది. వాటి పిల్లల ఉన్నితో కూడిన చర్మానికి అప్పట్లో మంచి ధర ఉండేది. గొర్రెల వెంట ఆరోగ్య పత్రాలున్నాయి. దిగాక రేక్యవిక్ దగ్గరి చిన్న దీవిలో దాదాపు 2 నెలలు విడిగా ఉంచారు. ఒక్క గొర్రె కూడా జబ్బు లక్షణం చూపలేదు. పొట్టేళ్లను ఊళ్లకు పంచారు.

కొన్నేళ్ల తర్వాత గొర్రెలు ఎగపోస్తూ, చిక్కిపోతూ చావడం మొదలైంది. విడమరిచి చూస్తే అది ఒక రోగం కాదు. ఊపిరితిత్తులను గట్టిపరిచే మేడి. అదే వైరస్ మెదడుకు సోకితే కాళ్లు పడిపోయే విస్నా. ఊపిరితిత్తుల్లో గడ్డలు పెంచే యాగ్సీక్టె. పేగులను పాడుచేసి ఏళ్ల తరబడి పారుడుతో కృశింపజేసే పారాట్యుబర్క్యులోసిస్. ఇరవై గొర్రెలు ఇన్నిటిని మోసుకొచ్చాయి. లక్షకు పైగా గొర్రెలు మేడితో చచ్చాయి. దాన్ని ఆపడానికి దేశాన్ని కంచెలతో మండలాలుగా కోశారు. ఒక్కో మండలంలో గొర్రెలన్నిటినీ చంపి, కొంతకాలం ఖాళీగా ఉంచి, రోగం చేరని మారుమూల ప్రాంతాల నుంచి కొత్త మందలు తెచ్చారు. అలా చంపినవి ఆరు లక్షల పైమాటే. 1965 నాటికి మేడి పోయింది. పారాట్యుబర్క్యులోసిస్ మాత్రం ఇంకా ఉంది, టీకాలతో నెట్టుకొస్తున్నారు.

బ్యోర్న్ సిగుర్ద్‌సన్ అనే శాస్త్రవేత్త ఈ విపత్తును చదివి, 1954లో ‘నెమ్మది అంటువ్యాధులు’ అనే భావనను ప్రపంచం ముందుంచాడు. సోకిన రోజుకూ లక్షణం కనిపించే రోజుకూ మధ్య నెలలు, ఏళ్లు గడిచే రోగాలు అవి. విస్నా వైరస్‌ది హెచ్.ఐ.వి. కుటుంబమేనని ఆ తర్వాత తేలింది. వైద్యశాస్త్రం ఒక పెద్ద మెట్టు ఎక్కడానికి ఈ గొర్రెలే కారణమయ్యాయి. పశుపాలకులకు మిగిలింది వేరే పాఠం: పత్రం రాసిన పశువైద్యుడు అబద్ధమాడలేదు, నిబంధన రాసినవాడు అలసత్వం చూపలేదు. అప్పటికి పేరు లేని రోగానికి పరీక్ష ఎక్కడినుంచి వస్తుంది? క్వారంటైన్‌ను రోజుల్లో లెక్కపెడతారు, ఆ రోగం ఏళ్లలో లెక్కపెట్టుకుంటుంది.

కథ ఇక్కడితో ఆగితే తలుపు మూసేవారిదే గెలుపు. కానీ 2010లో ఐస్‌లాండ్ గుర్రాలకు దగ్గు పట్టుకుంది. అక్కడ గుర్రాల దిగుమతి నిషేధం ఎంత కఠినమంటే, పోటీకి విదేశం వెళ్లిన గుర్రం తిరిగి స్వదేశానికి రాకూడదు. అయినా ఎలాగో చేరిన ఒక బాక్టీరియా రకం దాదాపు దేశంలోని గుర్రాలన్నిటికీ పాకింది. బయటి దేశాల్లో మామూలుగా తిరిగే సూక్ష్మజీవి ఇక్కడ మహమ్మారి అయింది, ఎందుకంటే తరతరాలుగా ఏ శ్వాసకోశ రోగమూ ఎరగని గుర్రాలవి. దిగుమతుల్ని నిషేధించగలిగారు గానీ, గుర్రపు సరంజామా మీద, మనుషుల బట్టల మీద వచ్చేదాన్ని నిషేధించలేకపోయారు.

మూసేవారు, తెరిచేవారు, మధ్యవారు

మొదటి పక్షం వాదన సూటిగా ఉంటుంది. దీవిలో పశువుల సంఖ్య తక్కువ, వాటికి బయటి రోగాలకు నిరోధకత తక్కువ, ఒకసారి వస్తే తప్పించుకునే చోటు లేదు. మరోవైపు, దీవిలో రోగాన్ని పూర్తిగా నిర్మూలించడం సాధ్యం, ప్రధాన భూభాగంలో అది కల. కాబట్టి రానివ్వకపోవడమే చౌక. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్‌లండ్ దీవులు 1990లలో ఆవుల వైరల్ విరేచనాల వ్యాధిని తుడిచిపెట్టి, ఆ తర్వాత ఓడ దిగే ప్రతి పశువునూ పరీక్షించి ఆ ఫలితాన్ని కాపాడుకున్నాయి. అంత పెద్ద ఖర్చూ కాలేదు. ఈ పక్షానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. గమనించాల్సింది ఏమిటంటే, షెట్‌లండ్ తలుపు మూయలేదు. తలుపు దగ్గర మనిషిని పెట్టింది.

నిజంగా తలుపు మూసింది జెర్సీ. 1789 నాటి చట్టంతో బయటి పశువుల రాకను ఆపేసి, 2008 దాకా ఆ గీతను దాటనివ్వలేదు. జాతి స్వచ్ఛతకు, రోగరహితతకు అది పెట్టని కోట అని రెండు శతాబ్దాలు పొగిడారు. అసలు కారణం అంత ఉదాత్తం కాదు. ఫ్రాన్స్ ఆవులను జెర్సీలో దింపి, సుంకం తప్పించుకుని జెర్సీ ఆవులుగా ఇంగ్లండ్‌కు అమ్మేవారు. ఆ మోసాన్ని ఆపడానికి పుట్టిన చట్టం కాలక్రమంలో ఆరోగ్య రక్షణగా పేరు తెచ్చుకుంది. చివరికి జాతి పాల దిగుబడిలో బయటి జెర్సీ ఆవులకన్నా వెనకబడిందని రైతులే అడిగి, బయటి ఆబోతుల వీర్యానికి దారి తెరిపించుకున్నారు.

ఇంతకన్నా బాహాటమైన ఉదాహరణ ఫ్రాన్స్ టర్కీ కోళ్లది. 1981లో బ్రిటన్ న్యూకాజిల్ వ్యాధి విధానం మార్చి, టీకా వేసే దేశాల నుంచి కోళ్ల దిగుమతిని ఆపింది. ఆ ఏటి క్రిస్మస్ సంతకు ఫ్రాన్స్ టర్కీలు రాకుండా పోయాయి. ఫ్రాన్స్ టీకాలు మానేసినా తలుపు తెరుచుకోలేదు. ఇది ఆరోగ్య చర్య కాదు, వేషం వేసుకున్న వర్తక నిషేధమేనని 1982లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. దీవి వాసులు ‘మాది ప్రత్యేక పరిస్థితి’ అన్నప్పుడల్లా ఎదుటివారు ఈ తీర్పును గుర్తుచేస్తారు. గుర్తుచేయడం న్యాయమే. అయితే రక్షణవాదం ఉన్నంత మాత్రాన రోగం లేనట్టు కాదు. 1892 నాటి బ్రిటన్‌కు సాకు ఉంది, 1865 నాటి బ్రిటన్‌కు శవాలున్నాయి.

రెండో పక్షం లెక్కల పక్షం. 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం దీనికి ఊతం. ఏ దేశమైనా తనకు కావలసినంత రక్షణ కోరుకోవచ్చు, కానీ దానికి శాస్త్రీయ ప్రమాద అంచనా చూపాలి, ఒకే స్థాయి ప్రమాదాన్ని ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా చూడకూడదు. 1998లో కెనడా సాల్మన్ చేపల కేసులో ఆస్ట్రేలియా ఈ రెండు షరతుల మీదా ఓడింది. ప్రమాదం అసలు వద్దనుకునే హక్కు ఆస్ట్రేలియాకు ఉందని అప్పీలు సంఘం ఒప్పుకుంది. కానీ సాల్మన్‌ను ఆపుతూ, ఎరగా వాడే హెర్రింగ్‌నూ అలంకార చేపలనూ ఎలా రానిస్తున్నావని అడిగింది. సమాధానం లేకపోయింది.

ఆస్ట్రేలియా ఈ పక్షానికి ఆదర్శమూ, హెచ్చరికా. 1858లో ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్‌కు వచ్చిన ఆవులతో ఊపిరితిత్తుల అంటువ్యాధి ఆ ఖండంలోకి దిగింది. దాన్ని వదిలించుకోవడానికి 1973 దాకా పట్టింది. ఆ జ్ఞాపకంతోనే 1981లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో అత్యంత కట్టుదిట్టమైన క్వారంటైన్ కేంద్రం కట్టారు. కానీ 2007 ఆగస్టులో సిడ్నీ దగ్గరి ఈస్టర్న్ క్రీక్ కేంద్రంలో ఉన్న దిగుమతి గుర్రాల నుంచి ఫ్లూ బయటికి వచ్చి దేశపు గుర్రపు పందాలను నెలల తరబడి స్తంభింపజేసింది. మాజీ న్యాయమూర్తి కల్లినన్ విచారణలో బయటపడింది విజ్ఞానపు లోపం కాదు. కేంద్రంలోకి వచ్చిపోయే మనుషులు స్నానం చేసి బట్టలు మార్చుకున్నారో లేదో చూసేవారు లేరు. కాగితం మీద లెక్క ఎంత చక్కగా ఉన్నా, గేటు దగ్గర నిలబడే ఉద్యోగి చేసిందే అసలు నిబంధన అవుతుంది.

ఇక మూడోది మధ్యేమార్గం: పశువు బదులు దాని వీర్యాన్నో, పిండాన్నో తేవడం. సరైన పద్ధతిలో, ట్రిప్సిన్‌తో సహా పదిసార్లు కడిగిన పిండంతో చాలా వైరస్‌లు రావని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. వీర్యం అంత సురక్షితం కాదు, నీలినాలుక వైరస్ అందులోనూ దొరికింది. సాంకేతికంగా ఇదే ఉత్తమ దారి అనిపించినా ఐస్‌లాండ్‌లో ఇదీ గొడవకు దారితీసింది. నార్వే ఎర్ర ఆవుల పిండాలను తెచ్చి ప్రయోగం చేయాలన్న ప్రతిపాదనను 2001లో పాడి రైతులు ఓటు వేసి తిప్పికొట్టారు. రోగ భయం ఒక్కటే కాదు, వెయ్యేళ్ల నాటి సొంత జాతి కనుమరుగవుతుందన్న బెంగ కూడా. ఆరోగ్య నిబంధన ఎక్కడ ముగిసి జాతి రక్షణ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం అక్కడ కష్టం. పైగా ఈ దారికి ద్రవ నైట్రోజన్, శిక్షణ పొందిన వైద్యుడు, ఎదకు సిద్ధం చేసిన ఆవులు కావాలి. నాలుగు మేకలున్న దీవి రైతుకు ఇది దారి కాదు.

ఇండొనేషియా: దేశమా, మండలమా?

ఈ మూడు పక్షాల మధ్యకు మరో ప్రశ్న వచ్చి పడింది. రోగముందా లేదా అన్నది దేశం మొత్తానికి చూడాలా, దేశంలోని ఒక మండలానికి చూడాలా? ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ మండలాన్ని అంగీకరిస్తుంది. వేల దీవుల ఇండొనేషియాలో మాత్రం ఇది రాజ్యాంగ సమస్య అయింది.

1887లో జావాలోని మలాంగ్ దగ్గర మొదటిసారి కనిపించిన గాలికుంటును ఆ దేశం దాదాపు వందేళ్లు పోరాడి 1986లో వదిలించుకుంది. 1990లో అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. తర్వాత చవక మాంసం కోసం, గాలికుంటు ఉన్న దేశాల్లోని రోగరహిత మండలాల నుంచి దిగుమతికి చట్టంలో వీలు కల్పించారు. పశువైద్యులు, రైతులు కోర్టుకెక్కారు. 2010లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ వీలును కొట్టేసింది. 2014లో మరో చట్టంతో అది తిరిగి వచ్చింది. 2016 నుంచి మన దేశపు గేదె మాంసం జకార్తా మార్కెట్లకు చేరింది. 2017లో కోర్టు ఈసారి షరతులతో ఒప్పుకుంది. ఆ కేసు విషయంలోనే లంచం తీసుకున్నాడని ఒక న్యాయమూర్తిని కొద్దివారాల ముందు అరెస్టు చేయడం ఆ తీర్పు మీద నీడలా నిలిచిపోయింది.

2022లో తూర్పు జావాలో, ఆచేలో గాలికుంటు బయటపడి లక్షల పశువులకు పాకింది. ఇదిగో మేం చెప్పిందే జరిగిందని మండల వ్యతిరేకులన్నారు. అంత తేలికగా ఒప్పుకోలేం. ఎముకలు తీసిన, ఆమ్లత్వం పెరిగేలా మాగబెట్టిన మాంసం ద్వారా గాలికుంటు రావడం కష్టం. దొరికిన వైరస్ ఆగ్నేయాసియాలో చాలా దేశాల్లో తిరుగుతున్న రకం. అక్రమంగా దిగిన బతికున్న పశువులు వచ్చే దారి కూడా తెరిచే ఉంది. ఏ దారిన వచ్చిందో ఇప్పటికీ రుజువు కాలేదు. రుజువు లేని చోట వాదన ఆగలేదు, ఇంకా పెరిగింది.

ఈ కథకు ఒక తెలుగు కొస ఉంది. డచ్చివారు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఒంగోలు పశువులను సుంబా దీవికి తీసుకెళ్లి, ఆ దీవినే స్వచ్ఛ జాతి పెంపక కేంద్రంగా ఎంచుకున్నారు. జావా అంతటా కనిపించే పెరానకన్ ఒంగోలు పశువుల మూలాలు అక్కడివే. బాలీ దీవి తన సొంత జాతిని కాపాడుకుంటూ బయటి పశువులను రానివ్వదు. అదే బాలీలో 1964లో జెంబ్రానా అనే ప్రాణాంతక వ్యాధి పుట్టి, అక్కడి పశువులనే బలిగొంది. అప్పుడు కాపాడాల్సింది బాలీని కాదు, బాలీ నుంచి మిగతా దీవులను. దీవి అంటే ఎప్పుడూ రోగం చేరే చోటే అనుకోవడం ఈ చర్చలో సాధారణంగా కనిపించే పొరపాటు.

నిబంధన లోపలి గడియారం

ఎక్కడి పత్రం చూసినా అందులో అడిగేవి దాదాపు ఒకే రకం: పుట్టిన దేశం స్థితి, పుట్టిన మంద చరిత్ర, బయల్దేరే ముందు విడిగా ఉంచిన రోజులు, రక్తపరీక్షలు, పురుగుల మందు, ప్రయాణంలో ఈగలూ దోమలూ చేరని వాహనం, దిగాక మళ్లీ కొన్నాళ్లు ఏకాంతం. తేడా ఆ రోజుల లెక్కలో ఉంటుంది. గాలికుంటు పొదిగే కాలం 14 రోజులుగా, ముద్దచర్మ వ్యాధిది 28 రోజులుగా అంతర్జాతీయ నియమావళి లెక్కకడుతుంది. నీలినాలుక సోకిన పశువు 60 రోజుల వరకు వైరస్‌ను మోయవచ్చని అంటుంది. పారాట్యుబర్క్యులోసిస్‌కు ఈ లెక్కేదీ పనిచేయదు. పడ్డలో సోకినది నాలుగైదు ఈతల తర్వాత బయటపడవచ్చు, ఆలోపు పరీక్షలో తరచూ ‘లేదు’ అనే వస్తుంది.

క్షయ చర్మ పరీక్ష మరీ మోసపూరితం. ఒకసారి ట్యుబర్క్యులిన్ సూది వేశాక రెండు నెలల దాకా పశువు సరిగా స్పందించకపోవచ్చు. అమ్మేవాడు ముందే ఒకసారి దొంగచాటుగా సూది వేయిస్తే, అధికారి పరీక్షలో పశువు శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే పరీక్షల మధ్య ఇంత గడువు ఉండాలన్న నిబంధన.

వీటిని పోల్చి చూస్తే నాకు ఒకటే తోస్తుంది. పంపేవాడి ఊళ్లో చేసిన పరీక్ష ఎంత గట్టిదైనా, పంపేవాడికి ఆ పశువు వెళ్లిపోవాలనే ఉంటుంది. దిగినచోట, దిగుమతిదారు సొంత నేలమీద, తిరిగి పరీక్షించి నెలల తరబడి కనిపెట్టుకుని ఉండే వ్యవస్థే నమ్మదగింది. షెట్‌లండ్‌లో పనిచేసింది అదే. చాలా దీవుల్లో దానికి డబ్బు, మనుషులు, స్థలం ఉండవు. కాగితం మీదే భారం వేయడం అందుకే జరుగుతోంది.

గాలి, ఎంగిలి, సైన్యం

నిబంధనలను దాటి రోగం వచ్చే దారుల్లో మొదటిది గాలి. 1981 మార్చిలో ఫ్రాన్స్ బ్రిటనీలో పందులకు గాలికుంటు వచ్చింది. ఆ పందులు వదిలిన వైరస్ గాలిలో ఇంగ్లిష్ చానెల్ దాటి జెర్సీలో, వైట్ దీవిలో ఆవులకు సోకింది. రెండు వందల కిలోమీటర్లకు పైగా నీళ్ల మీద ప్రయాణం. జెర్సీ అప్పటికి దాదాపు రెండు శతాబ్దాలుగా పశువులను రానివ్వని దీవి! 2007 ఆగస్టులో నీలినాలుక వైరస్ మోసే క్యూలికాయిడ్స్ అనే చిన్న ఈగలు ఒక్క రాత్రి గాలికి బెల్జియం వైపు నుంచి తూర్పు ఇంగ్లండ్‌కు చేరాయి. ఏ పత్రం వాటిని అడ్డుకుంటుంది? 2019లో ఒడిశాలో బయటపడిన ముద్దచర్మ వ్యాధి మరుసటి ఏడాదికే శ్రీలంకలో కనిపించింది.

రెండో దారి ఎంగిలి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ ఎండబెట్టిన పంది మాంసంలో నెలల తరబడి బతుకుతుంది. 1978లో అది సార్డీనియాలో, మాల్టాలో, హిస్పానియోలా దీవిలో దాదాపు ఒకేసారి దిగింది. మాల్టా తన పందులన్నిటినీ చంపుకుంది. సార్డీనియాకు దాన్ని వదిలించుకోవడానికి 2024 దాకా పట్టింది. హైతీ సంగతి వేరు. అమెరికా ఒత్తిడితో, సాయంతో 1980ల మొదట్లో అక్కడి నల్ల నాటు పందులన్నిటినీ చంపేశారు. పల్లె జనానికి ఆ పందే పిల్లల ఫీజు, పెళ్లి ఖర్చు, ఆపత్కాలపు డబ్బు. బదులుగా అమెరికా నుంచి వచ్చిన అయోవా పందులకు సిమెంటు గచ్చు, కొన్న దాణా కావాలి. రోగం పోయింది, రైతు చితికిపోయాడు. తీరా 2021లో అదే రోగం మళ్లీ ఆ దీవిలో తేలింది.

మూడో దారి గురించి మాట్లాడేవారు తక్కువ, అది ప్రభుత్వాలదే కాబట్టి. 1987లో శ్రీలంకలో, దశాబ్దాల తర్వాత రిండర్‌పెస్ట్ తిరిగి కనిపించింది. భారత శాంతి పరిరక్షక దళానికి ఆహారంగా ఓడల్లో వెళ్లిన మేకలతో అది వెళ్లిందని తర్వాత గుర్తించారు. సైన్యపు సరుకును క్వారంటైన్ అధికారి ఆపగలడా? నిబంధనలున్నా, వాటికి మినహాయింపు ఇచ్చే చేయి ఎప్పుడూ ఉంటుంది.

న్యూజీలాండ్ అనుభవం వీటన్నిటికీ తలకిందులు. ప్రపంచంలోనే కట్టుదిట్టమైన వ్యవస్థల్లో ఒకటి ఉన్న ఆ దేశంలో 2017లో మైకోప్లాస్మా బోవిస్ అనే పాడి రోగం బయటపడింది. వీర్యమా, మందులా, సామానా, ఏ దారిన వచ్చిందన్నది ఇప్పటికీ తేల్చలేకపోయారు. అయినా నిర్మూలనకు దిగారు. ఖర్చులో 68 శాతం ప్రభుత్వం, 32 శాతం పాడి, మాంస పరిశ్రమలు పంచుకున్నాయి.

ఖర్చు ఎవరిది?

ఈ పంపకమే అసలు తేలని విషయం అనిపిస్తుంది. ఆస్ట్రేలియా 2002లోనే ప్రభుత్వం, పరిశ్రమ ఖర్చు పంచుకునే ఒప్పందం చేసుకుంది. వ్యాధి మనుషులకూ సోకేదైతే ప్రభుత్వం వాటా ఎక్కువ, వర్తకానికే నష్టమైతే పరిశ్రమ వాటా ఎక్కువ. ధనిక దీవులకు ఇది కుదురుతుంది. హైతీలో రక్షణ పొందింది అమెరికా పంది పరిశ్రమ, మూల్యం చెల్లించింది హైతీ రైతు. తెరిచేవారి లెక్కల్లో దిగుమతి లాభం ఒకరిది, తప్పితే నష్టం ఇంకొకరిది. మూసేవారి లెక్కల్లో రక్షణ పెద్ద రైతుది, మేలైన జాతి దొరక్క ఆగిపోయేది చిన్న రైతు. పై పక్షాల్లో ఏదీ ఈ ప్రశ్నను తిన్నగా ఎదుర్కోలేదు.

మన బంగాళాఖాతంలో ఇది ఇంకా అస్పష్టం. అండమాన్ నికోబార్‌లో బెంగాలీ, తమిళ, తెలుగు కుటుంబాలు ఎన్నో పశువులు పెంచుతున్నాయి. చెన్నై, కోల్‌కతా, విశాఖ నుంచి ఓడలు నడుస్తాయి. తెరెసా మేక, నికోబారి కోడి వంటి జాతులు అక్కడి సొంతం. విదేశం నుంచి మన దేశానికి వచ్చే పశువుకు 1898 నాటి దిగుమతి చట్టం ఉంది, చెన్నై, హైదరాబాద్ వంటి చోట్ల క్వారంటైన్ కేంద్రాలున్నాయి. విశాఖలో ఓడ ఎక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగే మేక మాత్రం సరిహద్దు దాటలేదు, అది దేశంలోనే తిరిగింది. 2009 నాటి అంటువ్యాధుల చట్టం చెక్‌పోస్టులకూ, క్వారంటైన్ శిబిరాలకూ అధికారం ఇచ్చింది, టీకా పత్రాలు అడగనిచ్చింది. అయితే ఆ చట్టం రాష్ట్రాల మధ్య రోడ్లను దృష్టిలో పెట్టుకుని రాసినది. గాలికుంటుకు దేశమంతటా టీకాలు వేసే 2019 నాటి పథకం ప్రధాన భూభాగంలో వైరస్‌ను తగ్గిస్తే అండమాన్‌కూ మేలే. ఈలోపు ఒక్కో మేకనూ రేవులో ఎన్ని రోజులు ఆపాలి, ఆ రోజుల మేత ఖర్చు ఎవరిది, పరీక్షలో తేలితే పరిహారం అమ్మినవాడు ఇవ్వాలా, ప్రభుత్వమా అన్నవి దేశంలోపలి దీవులకు ఇంకా తెగని లెక్కలు.